ప్రధానపు (నిశ్చితార్థపు) ఉంగరానికి డైమండ్: ఏ రాయి తీసుకోమంటారు? సర్టిఫికెట్ రాయా, మా ఆచారి గారి రాయా?

గోదారి_కుర్రోడు (భీమవరం)

అందరికీ నమస్కారమండీ. వచ్చే మాఘమాసంలో నాకు ప్రధానం. అమ్మాయి వాళ్ళది అమలాపురం దగ్గర. మా ఇంట్లో ఇప్పటిదాకా ప్రధానానికి పెట్టినవన్నీ 22 క్యారెట్ల బంగారపు ఉంగరాలే, మహా అయితే మధ్యలో ఓ కెంపు ఉంటది. కానీ ఈ అమ్మాయి ఫోన్లో మాటల్లో మాటగా "నాకు గుత్తుగా రాళ్ళు వద్దండి, ఒకటే రాయి ఉంటే చాలు" అంది, డైమండ్ అని నోటితో అనలేదు గాని నాకు అర్థమైపోయింది, ఇంక అప్పట్నించి రాత్రుళ్ళు యూట్యూబ్‌లో వజ్రాల వీడియోలే చూస్తున్నాను.

బడ్జెట్ రాయి, బంగారం, మజూరీ, జీఎస్టీ అన్నీ కలిపి రెండు లక్షల్లోపు. రాజమండ్రిలోను విజయవాడలోను షాపులు తిరిగేను. ఒక చోట 50 సెంట్ల (అర క్యారెట్టు) రాయి చూపించేరు, కలర్ ఎఫ్, క్లారిటీ (లోపలి మచ్చల గ్రేడు) వీవీఎస్ 1, కట్ దగ్గర మాత్రం గుడ్ అని ఉంది, సేల్స్ అబ్బాయి వీవీఎస్ వీవీఎస్ అని ఒకటే జపం. ఇంకో చోట 52 సెంట్లు, కలర్ హెచ్, క్లారిటీ వీఎస్ 2, కట్ ఎక్సలెంట్, జీఐఏ (వజ్రాలు పరీక్షించి గ్రేడు ఇచ్చే అమెరికా సంస్థ) కాగితం ఉంది, రేటు మొదటిదాని కంటే తక్కువే. అందులో ఫ్లోరసెన్స్ మీడియం బ్లూ అని రాసుంది, అది లోపమా అనడిగితే "అబ్బే ఏం కాదు సార్" అని మాట మార్చేసేడు, దాంతో నాకు అనుమానం ఇంకా ఎక్కువైంది.

మూడోది మా అమ్మ పార్టీ. నర్సాపురంలో మా కంసాలి ఆచారి గారు ఉన్నారు, మా తాతగారి కాలం నించి ఆయన దగ్గరే చేయిస్తాం. ఆయన దగ్గర 70 సెంట్ల రాయి ఉందంట, కాగితం గట్రా ఏం లేదు, రేటు బాగా తక్కువ. అమ్మ అనేది ఏంటంటే "వేలికి రాయి పెడతావా కాగితం పెడతావా?" అని. దానికి నా దగ్గర జవాబు లేదండీ. నాన్నగారు ఇంకో పక్క నించి, వజ్రం అందరికీ పడదు ముందు అమ్మాయి జాతకం చూపించాలి అంటున్నారు. మా ఫ్రెండేమో ఇవన్నీ ఎందుకు, ల్యాబ్‌లో తయారుచేసిన డైమండ్ తీసుకో ఇదే డబ్బుకి క్యారెట్టున్నర వస్తది అంటాడు. తెలిసినవాళ్ళు కాస్త దారి చూపించండి.


కాకినాడ_కాజా

50 సెంట్లు, 70 సెంట్లు అని చూసి రెండు లక్షలకి ఎక్కడబ్బా స్థలం అని పరిగెత్తుకుంటూ వచ్చేను. తీరా చూస్తే ఇది. పొలం సెంట్లు గురించైతే చెప్పేవాణ్ణి బ్రదర్. ఆల్ ద బెస్ట్.


కౌంటర్_మాజీ (రాజమండ్రి)

నేను నగల షోరూంలో డైమండ్ కౌంటర్ మీద కొన్నేళ్ళు చేసేను, ఇప్పుడు వేరే వ్యాపారం, కాబట్టి నాకు ఎవరి రాయీ అమ్మాల్సిన పని లేదు.

సూటిగా చెప్తాను, ఆ 52 సెంట్ల హెచ్ రాయే తీసుకోండి. డైమండ్ మెరిసేది కట్ వల్ల, వీవీఎస్ వల్ల కాదు. కట్ అంటే షేపు కాదండోయ్, గుండ్రమా చతురస్రమా అన్నది వేరే సంగతి. కట్ అంటే రాయికి ఎంత లోతు పెట్టేరు, పైన బల్లపరుపు ఎంత వెడల్పు వదిలేరు, ముఖాలు ఒకదానికొకటి కుదిరేయా లేదా అన్నది. గుండ్రటి రాయికి 57 ముఖాలు ఉంటాయి, కింద కొస కూడా చెక్కితే 58. పైనించి లోపలికెళ్ళిన వెలుగు ఆ ముఖాలకి తగిలి మళ్ళీ మన కంటికి రావాలి. లోతు ఎక్కువైనా తక్కువైనా ఆ వెలుగు గండి పడ్డ కాలవలాగ కింద పక్కల నించి పోతుంది, మీ కంటికి ఏం మిగలదు. లోతు మరీ ఎక్కువైతే నడి మధ్యలో నల్లగా కనపడుతుంది, మరీ పల్చగా ఉంటే లోపల తెల్లటి రింగులా కనపడుతుంది.

మరి సాన పట్టేవాడు అలా ఎందుకు చేస్తాడంటే ముడిరాయిలోంచి బరువు పోకూడదు. డైమండ్ అమ్మేది తూకం మీద కదా, రాళ్ళకి క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు (బంగారం క్యారెట్ వేరు, అది స్వచ్ఛత లెక్క), అందులో నూరోవంతు ఒక సెంటు. బాగా కోస్తే 45 సెంట్లు వచ్చే రాయిని లోతుగా ఉంచేసి 50 చేస్తాడు, ఎందుకంటే 50 దాటిందంటే క్యారెట్ రేటే మారిపోతుంది, అలాగే 70 దగ్గర, 100 దగ్గర. అందుకని మీరు సెంట్లు చూడ్డం మానేసి సర్టిఫికెట్‌లో మిల్లీమీటర్లు చూడండి. 50 సెంట్ల మంచి కట్ గుండ్రటి రాయి అడ్డంగా 5.1, 5.2 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒక క్యారెట్ అయితే 6.5. ఆ గుడ్ కట్ రాయి కొలత చూడండి, 5 కూడా లేదంటే మీరు కనపడని బరువుకి డబ్బు కడుతున్నట్టు లెక్క.

క్లారిటీ సంగతికొస్తే, ఆ గ్రేడ్లన్నీ పదిరెట్లు పెద్దది చేసే భూతద్దం కింద చూసి ఇచ్చేవి. వీవీఎస్‌లో మచ్చ అంటే ఆ అద్దం కింద కూడా చెయ్యి తిరిగినవాడు వెతికితేనే దొరికేది. వీఎస్ 2 రాయిని మామూలు కంటితో చూస్తే మీ అమ్మాయికీ కనపడదు, పీటల దగ్గర కూచున్న పేరంటాళ్ళెవరికీ కనపడదు. వీఎస్ కింద గ్రేడు ఎస్‌ఐకి దిగితే మాత్రం మచ్చ ఎక్కడుందో చూడాలి, అంచున ఉంటే రాయిని పట్టుకునే కొక్కెం కింద దాక్కుంటుంది, నడి మధ్యలో నల్లగా ఉంటే వద్దు.

కలర్ డి నించి జడ్ దాకా ఉంటది, డి అంటే అసలు రంగే లేనిది, కిందకి వెళ్ళే కొద్దీ పసుపు. మీరు పచ్చ బంగారంలో కట్టిస్తున్నారా తెల్ల బంగారంలోనా? పచ్చ బంగారం అయితే హెచ్ కాదు కదా ఐ, జె కూడా తెల్లగానే కనపడతాయి, చుట్టూ ఉన్న పసుపులో రాయి పసుపు కలిసిపోతుంది. ప్లాటినం, వైట్ గోల్డ్ అయితే జి, హెచ్ కంటే కిందకి దిగొద్దు. బంగారం మాత్రం 18 క్యారెట్లే అడగండి, 22 మెత్తన, కొక్కేలు వంగిపోతాయి.

ఇంకోటి, షాపులో రాయి చూడ్డం చూడ్డమే కాదు. నెత్తి మీద ఆ బుల్లి బుల్లి లైట్లు పెట్టేది అందుకే, దాని కింద గాజుముక్క కూడా తళతళలాడుతుంది. ఉంగరం పట్టుకుని గుమ్మం దగ్గరికి రండి, ఎండలోకి కాదు నీడపట్టున నిలబడి చెయ్యి అడ్డం పెట్టి చూడండి. అక్కడ కూడా రాయి బతికుంటే అది కట్. సేల్స్ అబ్బాయి "బయటికి తీసుకెళ్ళకూడదు సార్" అంటే మేనేజర్ని కూడా పక్కన రమ్మనండి, మొహమాటం ఎందుకు, డబ్బు మీది.

ఫ్లోరసెన్స్ గురించి మా అమ్మమ్మల తరం వాళ్ళెవరైనా ఇక్కడ ఉంటే నాకంటే బాగా చెప్తారు.


పాలకొల్లు_పెద్దమ్మాయి

అమ్మమ్మని ఇంకా అవలేదు గాని చెప్తాను లెండి.

బాబూ, మా అమ్మమ్మకి ఏడురాళ్ళ దుద్దులు ఉండేవి, బ్లూ జాగర్ అని ఆవిడ ఎంత గొప్పగా చెప్పుకునేదో. పొద్దుటి ఎండలో వీధరుగు మీద కూచుంటే ఆ రాళ్ళలో నీలం జీర కనపడేది. దక్షిణాఫ్రికాలో జాగర్స్‌ఫాంటైన్ అనే గని ఉండేది, ఆ పేరు మీద వచ్చిన మాట అది. అప్పట్లో ఆ నీలం ఉందంటే ఎక్కువ డబ్బు పెట్టి కొనేవారు, ఇప్పుడు అదే నీలాన్ని ఫ్లోరసెన్స్ అని కాగితం మీద రాసి రేటు తగ్గిస్తున్నారు, కొనుక్కునేవాళ్ళకి మంచిదే కదా. ఎండలో ఉండే అల్ట్రావయొలెట్‌కి రాయి లోపల నీలంగా వెలుగుతుంది, నీలం పసుపుని చంపుతుంది కాబట్టి హెచ్, ఐ రాళ్ళు ఇంకా తెల్లగా కనపడతాయి. చాలా స్ట్రాంగ్ అని రాసి ఉంటే మాత్రం ఎండలో పెట్టి చూడు, కొన్ని పాలు కలిపినట్టు మసగ్గా ఉంటాయి. మీడియంకి భయపడకు.

ఇంక మీ ఆచారి గారి సంగతి. ఆయన మంచివాడు కాడని కాదు నాయనా. మూడు తరాల నమ్మకం చిన్నది కాదు. కానీ ఆయన మాత్రం ఆ రాయిని ఎవరి దగ్గరో కొన్నదే కదా, ఆయనకి చెప్పింది ఆయన మీకు చెప్తాడు. ఈ రోజుల్లో ల్యాబ్ రాయిని భూమిలోంచి తీసిన రాయిని కంటితో చూసి ఎవరూ పోల్చలేరు, ఎంత చెయ్యి తిరిగినవాడైనా సరే. ఆ పెన్ను లాంటి టెస్టర్ పెడితే రెండిటికీ కుయ్యిమంటుంది, మాయిసనైట్ అని వజ్రంలా కనపడే వేరే రాయికి కూడా చాలా టెస్టర్లు కుయ్యిమంటాయి. బాగా తక్కువ రేటుకి 70 సెంట్లు అంటే నాకైతే గుండె దడే.

మీ అమ్మగారి మాట పోకుండా ఒక దారి ఉంది. రాయి సర్టిఫికెట్ ఉన్నది విడిగా కొను, ఉంగరం ఆచారి గారితో చేయించు. పనితనం ఆయనది, కాగితం రాయిది. ఆయన దగ్గర హాల్‌మార్క్ వేయిస్తారా అని మాత్రం ముందే అడుగు, ఏడాదికి 40 లక్షల లోపు వ్యాపారం ఉన్నవాళ్ళకి అది తప్పనిసరి కాదు, కానీ బీఐఎస్ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళైతే అడిగితే సెంటర్‌కి పంపి వేయిస్తారు. 18 క్యారెట్లకి 750 అని ఉండాలి, పక్కన ఆరక్షరాల నంబరు ఉంటది, ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే వివరం వస్తుంది.

కొక్కేల గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను. మా ఆడపడుచుకి అచ్చం నువ్వు చెప్పినలాంటి ఒంటిరాయి ఉంగరమే పెట్టేరు, రాయి ఎత్తుగా లేచి ఉంటది, చూడ్డానికి బ్రహ్మాండం. తను ఉప్పాడ జాందానీ కట్టుకున్న ప్రతిసారీ కొక్కెం జరీలో పడి పోగు లాగేసేది. అలా లాగి లాగి ఒక కొక్కెం పైకి లేచింది, ఎవరూ చూసుకోలేదు. ఒకరోజు ఉంగరం తీసి చెవి దగ్గర పెట్టి వేలితో టక్ టక్ మని కొడితే లోపల రాయి గలగలమంది. అప్పుడు పరిగెట్టేం కంసాలి దగ్గరికి. ఇంకో వారం ఆగితే ఏ ఆవకాయ జాడీలోనో వెతుక్కోవల్సి వచ్చేది. కాబట్టి నాలుగు కాదు ఆరు కొక్కేలు పెట్టించు, రాయి మరీ ఎత్తుగా వద్దు. ఇంటి పని చేసుకునే పిల్ల అయితే చుట్టూ బంగారం అంచు కట్టే పద్ధతి ఉంది, బెజెల్ అంటారు, మెరుపు ఒక పిసరు తగ్గుతుంది గాని ఎక్కడా తగులుకోదు.

అన్నట్టు కోనసీమ పిల్ల కదా, తలకి కొబ్బరి నూనె రాసిన చేత్తో ఉంగరం ముట్టుకుంటే ఆ పూటకి మెరుపు పోయినట్టే. డైమండ్‌కి జిడ్డు ఇట్టే పట్టేస్తుంది. గోరువెచ్చని నీళ్ళలో గిన్నెల సబ్బు చుక్క వేసి నానబెట్టి మెత్తటి బ్రష్‌తో రాయి కిందవైపు తోమితే మళ్ళీ కొత్తదే. సింకు మీద మాత్రం తోమకండి.


వశిష్ట_గట్టు (హైదరాబాద్)

అందరూ ల్యాబ్ మాట దాటేస్తున్నారు, నేను ల్యాబే కొన్నాను కాబట్టి చెప్తున్నాను. అది నకిలీ కాదండి. అమెరికన్ డైమండ్ వేరు, ఇది వేరు. ఇదీ కార్బనే, గట్టిదనం అంతే, మెరుపు అంతే. హెచ్‌పీహెచ్‌టీ అని ఒక పద్ధతి, బాగా ఒత్తిడి వేడి పెట్టి చేస్తారు, సీవీడీ అని ఇంకోటి, గ్యాస్‌లోంచి పొరలు పొరలుగా పేరుస్తారు, కొన్ని వారాల్లో రాయి రెడీ. మన సూరత్‌లోనే బోల్డు తయారవుతున్నాయి. 2023లో మోదీ గారు అమెరికా వెళ్ళినప్పుడు బైడెన్ గారి భార్యకి ఇచ్చింది కూడా ల్యాబ్ రాయే, 7.5 క్యారెట్లు. నా భార్యకి పెద్ద రాయి ఇష్టం, నాకు లోన్ అంటే అయిష్టం, అక్కడితో తేలిపోయింది.

కానీ ఒక్కటి, రేపు అమ్ముకుందాం అనుకుంటే మాత్రం ల్యాబ్ వద్దు. నేను కొన్నాక కూడా రేట్లు పడుతూనే ఉన్నాయి, తిరిగి తీసుకునే షాపులు తక్కువ. ఇంకోటి, ఇంట్లో వాళ్ళకి చెప్పే పెట్టండి. దాచిపెట్టి రేపు ఏ తోడల్లుడి నోటి నించో బయటపడితే ఆ గొడవ రాయి ఖరీదు కంటే ఎక్కువ అవుతుంది.


కౌంటర్_మాజీ (రాజమండ్రి)

వశిష్ట గారితో సగం ఒప్పుకుంటాను. ల్యాబ్ అని చెప్పి అమ్మితే తప్పేం లేదు, చెప్పకుండా అమ్మితేనే మోసం. ఒక విషయం, జీఐఏ వాళ్ళు 2025 నించి ల్యాబ్ రాళ్ళకి మామూలు కలర్, క్లారిటీ గ్రేడ్లు ఇవ్వడం ఆపేసి ప్రీమియం, స్టాండర్డ్ అని రెండు రకాలే పెట్టేరు. దీన్నిబట్టే బజారు ఎటు పోతోందో అర్థం చేసుకోండి.

అలాగని భూమి రాయి అమ్మినా పెట్టిన డబ్బు తిరిగి వస్తదని అనుకోకండి. బంగారానికి ఏ ఊళ్ళో అయినా ఆ రోజు రేటు ఉంటది, డైమండ్‌కి కొన్న షాపే దిక్కు. వాళ్ళు మార్పిడికి ఎంత ఇస్తారు, నగదుకి ఎంత ఇస్తారు అని బిల్లు మీద రాయించుకోండి, నోటిమాట వద్దు.

బిల్లులో ఇంకో చిక్కు ఉంటది. బంగారం తూకం వేసేటప్పుడు రాయి బరువు తీసేశారా లేదా చూసుకోండి, గ్రాస్ వెయిట్ వేరు నెట్ వెయిట్ వేరు. ఒంటిరాయి ఉంగరంలో పెద్ద తేడా రాదు, అర క్యారెట్ అంటే గ్రాములో పదోవంతే, కానీ రేపు పెళ్ళికి రవ్వల నెక్లెస్ కొన్నప్పుడు ఇదే అలవాటు కాపాడుతుంది. మజూరీ విడిగా, రాయి క్యారెట్ రేటు విడిగా, మీద జీఎస్టీ 3 శాతం. మొత్తం కలిపి ఒక్క అంకె వేసిచ్చే బిల్లు పుచ్చుకోకండి. రెండు లక్షలు దాటితే పాన్ కార్డ్ అడుగుతారు, అది కూడా దగ్గర పెట్టుకోండి.


లంక_మాస్టారు

మీ నాన్నగారి మాట కొట్టిపారేయకండి. వజ్రం శుక్రుడి రాయి, మా ఇళ్ళల్లో కొన్నాళ్ళు పెట్టుకుని చూసి నప్పితేనే ఉంచుకునేవారు. పెద్దలు రాయిలో కాకిపాదం, గీత, మచ్చ చూసి గాని తీసుకునేవారు కారు. ఇప్పుడు భూతద్దం పెట్టి చూసేది కూడా అవే కదా.

ఇంకో సరదా సంగతి. కోహినూరు దొరికిందంటారే ఆ కొల్లూరు గని, కృష్ణ ఒడ్డున. ఇప్పటికీ వానలు పడితే కర్నూలు వైపు జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో జనం వంగి వంగి వజ్రాలు వెతుకుతుంటారు. మన గోదారికి మాత్రం ఆ యోగం లేదు, ఇసక, పులస ఇచ్చి ఊరుకుంది.


పాలకొల్లు_పెద్దమ్మాయి

మాస్టారూ, ఆ యోగం లేకపోవడమే మంచిది, ఉంటే ఇప్పటికి లంకలన్నీ తవ్వేసేవారు.

జాతకం సంగతి, అమ్మాయి వాళ్ళ పంతులు గారికి ఒక మాట చెప్పించండి బాబూ, తేలిగ్గా అయిపోతుంది. అవతలివాళ్ళు అనుమానం పెట్టుకుని తొడుక్కునే ఉంగరం బీరువాలోనే ఉంటుంది.


గోదారి_కుర్రోడు (భీమవరం)

అందరికీ చాలా చాలా థాంక్స్ అండీ, ఇంత ఓపిగ్గా ఎవరు చెప్తారు.

మాజీ గారూ, మీరన్నట్టే కొలత అడిగేను. వీవీఎస్ రాయి 4.9 అంటండి! 52 సెంట్లది 5.2. ఏ షాపులోది ఆ షాపు గుమ్మం దగ్గరికి పట్టుకెళ్ళి చూస్తే ఇంక చెప్పక్కర్లేదు, మా అమ్మ కూడా చూసి "52 సెంట్లదే బాగుంది, ఆ వీవీఎస్‌ది నిద్రపోతోంది" అంది. సర్టిఫికెట్ నంబరు జీఐఏ వెబ్‌సైట్‌లో కొడితే కలర్, కట్, కొలతలు అన్నీ సరిపోయాయి. రాయి నడుం మీద అదే నంబరు లేజర్‌తో చెక్కి ఉంటదంట కదా, భూతద్దంలో చూపించమన్నాను, మొదట నాకేం కనపడలేదు, ఆ అబ్బాయి రాయిని పక్కకి తిప్పి పట్టుకుంటే సన్నగా చీమ తలకాయలో సగం కూడా లేవు అంకెలు, చివరి నాలుగు చదివేను, కలిసేయి.

ల్యాబ్ గురించి వశిష్ట గారి మాట మీద అమ్మాయినే అడిగేసేను, దాపరికం ఎందుకని. "చిన్నదైనా ఫరవాలేదు, భూమిలోదే" అంది. సో అది క్లోజ్.

పెద్దమ్మగారూ, మీ సలహాయే ఖాయం చేసేం. రాయి షాపులో విడిగా, ఉంగరం మా ఆచారి గారి చేత. 18 క్యారెట్ల పచ్చ బంగారం, ఆరు కొక్కేలు, ఎత్తు తక్కువ. ఆయన ముందు కొంచెం ముభావంగా ఉన్నారు గాని రాయి చూసేక "మంచి కట్టు బాబూ" అని ఆయనే అన్నారు. హాల్‌మార్క్ కాకినాడ పంపి వేయిస్తానన్నారు. ఆ 70 సెంట్ల రాయి మాట మళ్ళీ ఎవరం ఎత్తలేదు.

ఇప్పుడు ఒకటే బాధ. అమ్మాయి వేలి సైజు తెలీదు. అడిగితే సర్‌ప్రైజ్ పోతుంది, అడక్కపోతే పీటల మీద నేను ఉంగరం తోస్తుంటే దూరక పరువు పోతుంది.


కౌంటర్_మాజీ (రాజమండ్రి)

వాళ్ళింట్లో ఎవర్నైనా పట్టుకుని ఆ వేలికే పెట్టుకునే పాత ఉంగరం తెప్పించండి, ఆచారి గారు సైజు కొలిచే కర్ర మీద ఎక్కించి చూసుకుంటారు. దారం చుట్టి కొలిచి పంపేది నమ్మకండి, దారం సాగుతుంది. కొలిచేదేదో సాయంత్రం పూట కొలవాలి, పొద్దున్న చలికి వేళ్ళు సన్నగా ఉంటాయి. ఒకటి రెండు సైజులు తర్వాత సరిచెయ్యొచ్చు, కాబట్టి వెనకవైపు పట్టీకి రాళ్ళేం పెట్టించకుండా సాదాగా ఉంచమనండి.


పాలకొల్లు_పెద్దమ్మాయి

కుడిచెయ్యా ఎడంచెయ్యా అన్నది కూడా అడుగు. రెండు చేతుల వేళ్ళు ఒకే సైజు ఉండవు.


గోదారి_కుర్రోడు (భీమవరం)

కుడిచెయ్యే అంటండి, వాళ్ళ చెల్లి చెప్పింది. పాత ఉంగరం పంపిస్తానంది, బదులుగా తనకి కూడా ఏదో ఒకటి కొనాలంట, లిస్టు వాట్సాప్‌లో వచ్చింది. దానికి విడిగా ఇంకో ప్రశ్న వేస్తాను.